పాత ఇంజన్లకు ఇంటి మానిఫోల్డులు

పెట్రోలు ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం వెళ్ళేదారి ఒకటి, కాలిన పొగ బయటికి వచ్చేదారి ఒకటి. గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ దగ్గర ఒకటిగా మొదలై సిలిండర్లకు పాయలుగా చీలే గొట్టాన్ని ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు. సిలిండర్ల నుంచి వచ్చే పొగను పోగుచేసి సైలెన్సర్ వైపు పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. చెరువు తూము నుంచి మడులకు పారే కాలువ మొదటిదైతే, మడుల నుంచి మురుగు నీటిని లాగే కాలువ రెండోది. ఇంజన్ భాగాల్లో ఈ రెండింటికీ ఒక ప్రత్యేకత ఉంది. పిస్టన్లో, వాల్వులో, క్రాంక్ షాఫ్టో మార్చాలంటే ఇంజన్ విప్పాలి, వెంట్రుకవాసి తేడా రాకుండా కోసే యంత్రాలు కావాలి. మానిఫోల్డ్ మాత్రం ఇంజన్ పక్కన కొన్ని నట్ల మీద వేలాడుతుంది. నట్లు విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. హ్యాక్‌సా, ఆకురాయి, గ్యాస్ వెల్డింగ్ టార్చి ఉన్న మనిషి దాని బదులు ఇంకొకటి తన షెడ్డులోనే చేసుకోగలడు. ఇరవయ్యో శతాబ్దంలో సామాన్యులు కారు ఇంజన్ల మీద చేసిన ప్రయోగాలు చాలావరకు ఇక్కడ మొదలవడానికి కారణం అదే.

కంపెనీలు బిగించిన మానిఫోల్డులను తీసి పారేయాలని ఎందుకు అనిపించేదో తెలియాలంటే, వాటిని కంపెనీలు అలా ఎందుకు చేశాయో ముందు చూడాలి. అవి చేతకాక చేసినవి కావు. 1910లు, 20లలో అమెరికాలో అమ్మిన పెట్రోలు ఇప్పటిదానికన్నా బరువైనది, తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. చలికాలం పొద్దున ఇంజన్ తిప్పితే పెట్రోలు మంచులా గాల్లో తేలకుండా చుక్కలు చుక్కలుగా గొట్టం గోడలకు అంటుకునేది. దానికి విరుగుడుగా ఇన్‌టేక్‌నూ ఎగ్జాస్ట్‌నూ ఇంజన్‌కు ఒకే పక్కన పెట్టి, రెండింటినీ మధ్యలో ఆనించి బిగించారు. పొగ వేడికి ఇన్‌టేక్ నడుము కాలి, పెట్రోలు ఆవిరయ్యేది. రెండో ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపు ఇంజన్‌లో ఈ ఏర్పాటే ఉంది. తెలుగునాట రోడ్లమీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్ పెట్రోలు కారు బానెట్ ఎత్తినా ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు కనిపించేవి. పోత ఇనుముతో చెయ్యడం వల్ల ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ.

ఈ సుఖానికి చెల్లించే ధర ఇంకోచోట ఉంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. అంటే సిలిండర్‌లో అంతే చోటులో తక్కువ గాలి పడుతుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది. పోతకు వీలుగా ఉండాలని మలుపులు మొండిగా, దారులు ఇరుకుగా వచ్చేవి. ఎగ్జాస్ట్ వైపు నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇనుప దూలంలాంటి గుల్లలోకి వచ్చి పడేది. ఒక సిలిండర్ వదిలిన పొగ పక్క సిలిండర్ తలుపు దగ్గరికి వెనక్కి తన్నేది. పాల డబ్బాలు వేసుకుని నెమ్మదిగా ఊరికి వెళ్ళే రైతుకు ఇదేమీ తెలియదు. అదే ఇంజన్‌ను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిప్పాలనుకున్న కుర్రవాడికి మొదట అడ్డుపడేది ఇదే. కంపెనీ ఇంజనీరు చలిలో స్టార్ట్ కావడం గురించి ఆలోచించాడు. కుర్రవాడికి కావలసింది వేగం. ఇద్దరి అవసరాలూ వేరు కాబట్టి ఇద్దరి గొట్టాలూ వేరయ్యాయి.

1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ కోటిన్నరకు పైగా తయారుచేసిన మోడల్ టీ కారు ఈ కథకు మంచి ఆరంభం. 177 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 2.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 20 గుర్రాల బలం. దాని ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండింటినీ కలిపి పట్టుకునే బిళ్ళలతో బ్లాకుకు అదిమిపెట్టేవారు. సందుల్లో పొగ కారకుండా రాగి తొడుగుల రింగులుండేవి. పొడుగాటి ఎగ్జాస్ట్ పోత ఏళ్ళ తరబడి వేడికి కాగి చల్లారి, కాగి చల్లారి చివరలు కిందికి వాలిపోయేది. వాలిన మానిఫోల్డ్‌ను బిళ్ళల బలంతో లాగి బిగిస్తే పగిలేది, బిగించకపోతే పొగ కారేది. పల్లెటూరి కమ్మరులు దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, చదునైన పలక మీద బిగించి, అలాగే చల్లారనిచ్చి మళ్ళీ తిన్నగా చేసేవారు. ఇంటి మానిఫోల్డుల పనికి పునాది ఈ మరమ్మతులే. కొత్తది కొనే డబ్బు లేనివాడు పాతదాన్ని తిన్నగా చెయ్యడం నేర్చుకున్నాడు. తిన్నగా చెయ్యడం వచ్చినవాడికి కొత్తది చేసే ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం పందేల దాకా వెళ్ళింది. షెవ్రొలే సోదరులు ఇండియానాపొలిస్‌లో ఫ్రాంటెనాక్ పేరుతో మోడల్ టీ ఇంజన్‌కు కొత్త సిలిండర్ హెడ్లు తయారుచేసి అమ్మారు. వాల్వులు బ్లాకులో కాకుండా పైన హెడ్డులోకి వచ్చాయి. దాంతో పాత మానిఫోల్డులకు చోటే లేకుండా పోయింది. హెడ్డు కొన్నవాడు దానికి తగ్గ గొట్టాలు కూడా చూసుకోవలసి వచ్చింది. 1923 ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో ఎల్. ఎల్. కోరమ్ నడిపిన ఫ్రాంటెనాక్ ఫోర్డ్ అయిదో స్థానంలో వచ్చింది. ఖరీదైన పందెపు కార్ల మధ్య రైతుబండి ఇంజన్ అయిదోది కావడం అప్పటి షెడ్డు మెకానిక్కులకు కొండంత అండ.

ఇంటి మానిఫోల్డుల అసలు ఉద్యమం దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మొహావి ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిపోయిన సరస్సు ఉంది. వేసవిలో దాని అడుగు మట్టి సిమెంటు గచ్చులా గట్టిపడి మైళ్ళ తరబడి చదునుగా పరుచుకుంటుంది. 1920లు, 30లలో కుర్రవాళ్ళు పాత ఫోర్డులు తెచ్చి అక్కడ పరుగెత్తించేవారు. 1937లో వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1938 మే నెలలో సంఘం మొదటి పోటీలు మ్యూరాక్‌లోనే జరిగాయి. యుద్ధం వచ్చాక ఆ నేలను సైన్యం తీసుకుంది. ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. యుద్ధం తర్వాత పోటీలు ఎల్ మిరాజ్ అనే మరో ఎండు సరస్సుకు మారాయి. పరుగెత్తేవాళ్ళలో చాలామంది ఆ కారులోనే ఇంటి నుంచి వచ్చి, పందెం అయ్యాక అందులోనే వెళ్ళేవారు. అందుకే సైలెన్సర్‌కు వెళ్ళే దారి పక్కనే ఇంకో గొట్టం పెట్టి దాని మూతికి బిళ్ళ బిగించేవారు. సరస్సు దగ్గరికి చేరాక బోల్టులు విప్పి బిళ్ళ తీస్తే పొగ నేరుగా బయటికి పోతుంది. ఊళ్ళోకి వచ్చేముందు మళ్ళీ బిగిస్తారు. ఆ గొట్టాలకు 'లేక్ పైపులు' అనే పేరు స్థిరపడింది. తర్వాతి కాలంలో వాటిని కేవలం అందానికి కారు పక్కన మెరిసేలా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

అప్పటి ఇంజన్లలో మకుటం లేని మహారాజు 1932లో వచ్చిన ఫోర్డ్ వీ8. 221 ఘనపు అంగుళాలు, 65 గుర్రాల బలం, సామాన్యుడు కొనగల ధర. వాల్వులు బ్లాకులోనే ఉండి హెడ్డు చదునుగా ఉండడం వల్ల దాన్ని 'ఫ్లాట్‌హెడ్' అని పిలిచారు. అమెరికాలో 1953 దాకా తయారైంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో కూర్చుంటుంది. ఎగ్జాస్ట్ దారులు వాల్వు దగ్గర మొదలై, బ్లాకులోని నీళ్ళ గదుల మధ్యగా దూరి బయటి పక్కకు వస్తాయి. పొగ వేడంతా ముందు నీళ్ళకు ఎక్కేది. ఫ్లాట్‌హెడ్ ఊరికే కాగిపోతుందన్న చెడ్డపేరుకు ఇదొక ముఖ్యకారణం. పైగా ఒక్కో పక్కన నాలుగు సిలిండర్లకు ఎగ్జాస్ట్ రంధ్రాలు మూడే. మధ్య రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే దారి. రెండూ వెంట వెంటనే పొగ వదిలితే ఒకదాని పొగ ఒకటి తోసుకుంటుంది. కొందరు ఆ మధ్య రంధ్రంలోకి సన్నని రేకు చొప్పించి దారిని రెండుగా చీల్చేవారు. మిగతాది మానిఫోల్డ్‌తో చెయ్యాలి.

ఇంట్లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చేసే పద్ధతి దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. అతుకు సందు మూయడానికి మధ్యలో పెట్టే గ్యాస్కెట్ కొత్తది ఒకటి తెచ్చి, మూడెనిమిదో వంతు అంగుళం, అంటే దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పలక మీద పెట్టి గీత గీస్తారు. బోల్టు రంధ్రాలు డ్రిల్లుతో వేస్తారు. పొగ రంధ్రం గుండ్రంగా ఉండకపోతే గీత లోపల చిన్న చిన్న రంధ్రాలు పక్కపక్కన వరసగా వేసి, మధ్య ముక్కను ఉలితో కొట్టి తీసి, అంచులు ఆకురాయితో సాపు చేస్తారు. దీన్ని ఫ్లాంజ్ అంటారు. తర్వాత గొట్టాలు వంచాలి. తిన్నని గొట్టాన్ని ఉత్తగా వంచితే మలుపు దగ్గర చప్పబడిపోతుంది. అందుకని దాని నిండా ఇసుక పోసి, సుత్తితో గొట్టం పక్కన తడుతూ దట్టించి, రెండు మూతులకూ చెక్క బిరడాలు బిగిస్తారు. ఇసుక బాగా ఎండినదై ఉండాలి. పెనం మీద వేయించి మరీ పోసేవారు. తడి ఉంటే వేడికి ఆవిరై బిరడాను తుపాకి గుండులా తన్నేస్తుంది. మలుపు రావలసిన చోట టార్చితో ఎర్రగా కాల్చి, గుండ్రని దిమ్మె చుట్టూ నెమ్మదిగా లాగితే, లోపలి ఇసుక గోడలను నిలబెట్టి గొట్టం గుండ్రంగానే వంగుతుంది. లోపలి వైపు చిన్న ముడతలు పడతాయి. చెయ్యి తిరిగినవాడి పనిలో అవి వేలితో తడిమితే తప్ప తెలియవు.

ఇసుకతో ఓపిక లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. తిన్నని గొట్టాన్ని ఏటవాలుగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కను తిప్పి అతికిస్తూ పోతే మలుపు తయారవుతుంది. ఖర్బూజా ముక్కల్లా కనిపించే ఈ అతుకులు చూడడానికి మోటుగా ఉన్నా, కొలత ఎంత కావాలంటే అంత వస్తుంది. పాత కార్ల సైలెన్సర్ గొట్టాల నుంచి వంపులు కోసుకుని కలుపుకునేవాళ్ళ సంఖ్యే ఎక్కువ.

గొట్టాలు ఒక్కొక్కటీ ఫ్లాంజ్‌కు, కింద అన్నీ కలిసే గొట్టానికి ముందు చుక్కలుగా మాత్రమే అతుకుతారు. ఈ దశలో మొత్తం కారులోనే ఇంజన్‌కు బిగించి చూడాలి. స్పార్క్ ప్లగ్ విప్పే పానా తిరుగుతుందా, స్టీరింగ్ పెట్టె తగులుతుందా, స్టార్టర్ మోటారు బయటికి వస్తుందా అని ఒక్కొక్కటీ చేత్తో పరీక్షిస్తారు. ఈ పని తొందరపడి దాటేసినవాడు తర్వాత ప్లగ్ మార్చాలన్నా మానిఫోల్డ్ ఊడదీయవలసి వస్తుంది. అన్నీ కుదిరాక విప్పి, పగిలి పనికిరాని పాత బ్లాకుకు బోల్టులతో గట్టిగా బిగించి, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి ఇనుము లాగేస్తుంది. అలా బిగించకపోతే పది మిల్లీమీటర్ల పలక కూడా అరటి బద్దలా వంగిపోతుంది. చివరగా ఫ్లాంజ్ మొహాన్ని ఆకురాయితోనో మిల్లింగ్ యంత్రం మీదో చదును చేస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కొక్క రంధ్రానికీ మధ్య పలకను హ్యాక్‌సాతో కోసేసేవారు. వేడికి ఒక్కో గొట్టం తన మానాన తను పొడుగవుతుంది. ఒకే పలకగా ఉంటే ఆ లాగుడంతా చివరి బోల్టుల మీద పడి అవి తెగుతాయి. మోడల్ టీ మానిఫోల్డులు వాలిపోవడం చూసిన తరం నేర్చుకున్న పాఠం ఇది.

పోత ఇనుముకన్నా గొట్టం గోడ చాలా పల్చన. వేడి బానెట్ కింద ఎక్కువగా చిమ్ముతుంది. దానికి ఆస్బెస్టాస్ తాడు చుట్టేవారు. గ్యాస్కెట్లు కూడా రాగి రేకు మధ్య ఆస్బెస్టాస్ పెట్టినవే. దాని పీచు పొడి ఊపిరితిత్తులకు ఎంత చేటు చేస్తుందో అప్పట్లో షెడ్డుల్లో పనిచేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పాత మానిఫోల్డ్ ఇప్పుడు విప్పేవాళ్ళు ఆ తెల్లటి పీచును బ్రష్‌తో దులపకుండా తడిపి తియ్యాలి. నేటి గాజు పీచు పట్టీలు ఆ బెడద తప్పించినా, చెమ్మను పట్టి ఉంచి మెత్తని ఇనుము గొట్టాలను త్వరగా తుప్పు పట్టిస్తాయి.

ఎగ్జాస్ట్ కన్నా ఇన్‌టేక్ మానిఫోల్డ్ కష్టం. పొగకు కావలసింది బయటపడే దారి మాత్రమే. ఇన్‌టేక్‌లో గాలితో పాటు పెట్రోలు తుంపరలు వెళ్తాయి. గాలి తేలిక కాబట్టి మలుపు తిరుగుతుంది. తుంపర బరువు కాబట్టి మలుపు దగ్గర తిన్నగా పోయి గోడను కొడుతుంది. ఫలితంగా చివరి సిలిండర్లకు పెట్రోలు ఎక్కువ, దగ్గరి సిలిండర్లకు గాలి ఎక్కువ పోవచ్చు. కారు నడిపి ఆపాక స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి బల్ల మీద వరసగా పెడితే గుట్టు బయటపడుతుంది. నల్లటి మసి పట్టిన ప్లగ్ సిలిండర్‌కు పెట్రోలు ఎక్కువైంది. సున్నంలా తెల్లబడిన దానికి తక్కువైంది. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు. అతుకు దగ్గర సూదిమొనంత సందున్నా బయటి గాలి దూరి మిశ్రమం పల్చబడి వాల్వులు కాలిపోతాయి. దాన్ని పట్టడానికి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా అతుకుల చుట్టూ నూనె చుక్కలు వేసేవారు. చుక్క పడిన చోట ఇంజన్ మోత మారితే సందు అక్కడే.

ఇంట్లో చేసే ఇన్‌టేక్‌లు రెండు రకాలు. మొదటిది ఉక్కు గొట్టాలనూ పలకలనూ వెల్డ్ చేసి చేసేది. ఒక లావు గొట్టాన్ని అడ్డంగా పరిచి, పైన కార్బొరేటర్లకు ఫ్లాంజ్‌లు, కింద సిలిండర్లకు కాళ్ళు అతికిస్తారు. లోపల వెల్డింగ్ గట్లు, నిప్పురవ్వల గడ్డలు లేకుండా గీకడం ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఒక్క గడ్డ ఊడి సిలిండర్‌లో పడితే పిస్టన్, వాల్వు రెండూ పోతాయి. రెండోది అల్యూమినియం పోత. చెక్కతో నమూనా చెక్కి, చల్లారేటప్పుడు అల్యూమినియం మీటరుకు దాదాపు 13 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది కాబట్టి ఆ మేరకు పెద్దదిగా చేసి, తడి ఇసుకలో అచ్చు దించుతారు. గొట్టం గుల్లగా రావాలంటే లోపలికి ఇసుకతోనే ఇంకో అచ్చు కావాలి. ఇసుకను అవిసెనూనెతో కలిపి, పెట్టెలో అదిమి, పొయ్యిలో కాల్చి గట్టిపరుస్తారు. పాత పిస్టన్లు కరిగిస్తే మంచి లోహం దొరుకుతుంది. వాటిలో సిలికాన్ ఎక్కువ కాబట్టి పల్చగా పారి అచ్చు మూలమూలకూ వెళ్తుంది. అచ్చు కొంచెం కదిలిందంటే ఒక గోడ మందంగా, ఇంకోటి కాగితంలా వస్తుంది. రోజంతా చేసిన పని మళ్ళీ మూసలోకి వెళ్ళాలి.

విక్ ఎడెల్‌బ్రాక్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1913లో కాన్సస్‌లో పుట్టి, ఆర్థికమాంద్యంలో కాలిఫోర్నియాకు వచ్చి గ్యారేజీ పెట్టుకున్న మెకానిక్ ఆయన. తన 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్‌కు దొరికే మానిఫోల్డులు ఏవీ నచ్చక 1938లో సొంతంగా ఒకటి రూపొందించాడు. రెండు స్ట్రాంబర్గ్ కార్బొరేటర్లు పట్టే ఆ మానిఫోల్డ్ చూడడానికి ఉండేలులా ఉండడంతో 'స్లింగ్‌షాట్' అన్నారు. సరస్సు మీద దాని పని చూసినవాళ్ళు తమకూ కావాలని అడగడంతో వంద దాకా చేసి అమ్మాడు. ఆయన పేరుతో యుద్ధం తర్వాత పెద్ద కంపెనీ వెలిసింది. ఎగ్జాస్ట్ వైపు లాస్ ఏంజెలెస్‌కు చెందిన శాండీ బెలాండ్ అలాంటివాడే. గొట్టాలతో చేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డులను, అంటే హెడర్లను, చేసి అమ్మిన ఆయన వ్యాపారం పేరు పెట్టుకున్న బెలాండ్ ఎగ్జాస్ట్ స్పెషల్ కారు 1957లో సామ్ హ్యాంక్స్ చేతిలో ఇండియానాపొలిస్ 500 గెలిచింది. దుకాణాల్లో దొరికే మంచి మానిఫోల్డుల వెనక ఎక్కడో ఒకచోట ఎవరో తన కారుకోసం చేసుకున్న ఇంటి మానిఫోల్డ్ ఉందన్నది ఈ రంగం చరిత్రలో పదే పదే కనిపించే సంగతి.

రెండు కార్బొరేటర్లు పెట్టుకున్నాక రెండూ సమంగా గాలి పీల్చాలి. ఖరీదైన మీటర్లు లేని రోజుల్లో రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి బుస్సుమనే చప్పుడు వినేవారు. ఒకదాని చప్పుడు, రెండోదాని చప్పుడు ఒకే శ్రుతిలో పడేదాకా స్క్రూలు తిప్పేవారు. ఆ శ్రుతి తేల్చుకోవడానికి ఒక్కోసారి అర్ధరాత్రి అయ్యేది, చుట్టుపక్కల చప్పుళ్ళు తగ్గాలి కనుక.

వీ8 కొనలేనివాళ్ళు 1929లో వచ్చిన షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజన్‌తో పని చేసుకున్నారు. దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను రెండుగా 'చీల్చడం' ఒక ఆచారంగా స్థిరపడింది. పోతను మధ్యలో కోసి, లోపల అడ్డుగోడ పెట్టి, రెండో మూతి అతికించి, ముందు మూడు సిలిండర్లకు ఒక గొట్టం, వెనక మూడింటికి ఇంకో గొట్టం వేసేవారు. పోత ఇనుము అతుకుడు అందరికీ రాదు. ముక్కను ముందే బొగ్గుల్లో నెమ్మదిగా కాల్చి, వేడిగా ఉండగానే నికెల్ కడ్డీతోనో పోత ఇనుప కడ్డీతోనో అతికి, బూడిదలోనో సున్నంలోనో పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. గాలికి పెడితే ఠప్పున పగులుతుంది. ఈ ఇంజన్‌లో సిలిండర్లు 1-5-3-6-2-4 వరసలో పేలుతాయి. అంటే ముందు గుంపులో ఒకటి, వెనక గుంపులో ఒకటి వంతులవారీగా వస్తాయి. చీల్చిన తర్వాత ఒక్కో గొట్టంలో పేలుళ్ళ మధ్య ఎడం సమంగా 240 డిగ్రీలు ఉంటుంది. ఒకదాని పొగ ఒకటి తోసుకోదు, గొంతు కూడా మారుతుంది. చీల్చిన ఆరు సిలిండర్ల ఇంజన్ వదిలే చిరుగు మోతను దూరం నుంచి విని గుర్తుపట్టే పాతకాలపు మెకానిక్కులుండేవారు.

బ్రిటన్‌లో ఇదే పని ఇంకా చిన్న ఇంజన్ల మీద జరిగింది. 1922 నుంచి 1939 దాకా సుమారు 2,90,000 తయారైన ఆస్టిన్ సెవెన్ 747 సీసీల బుల్లికారు. దాని చుట్టూ 1939లో 750 మోటార్ క్లబ్ ఏర్పడింది. యుద్ధానంతరం పాత ఆస్టిన్ చట్రాల మీద సొంత పందెపు కార్లు కట్టుకోవడం అక్కడొక జాతరలా సాగింది. ఆస్టిన్ సెవెన్ ఇంజన్‌లో ఒకటీ రెండూ సిలిండర్లకు కలిపి ఒక ఇన్‌టేక్ రంధ్రం, మూడూ నాలుగుకు ఇంకొకటి. దీన్ని 'సయామీ' రంధ్రం అనేవారు, అతుక్కుని పుట్టిన కవలల పోలికతో. అంబాసిడర్‌కు 1959 నుంచి బిగించిన 1489 సీసీ ఇంజన్‌లోనూ ఇన్‌టేక్ దారులు ఇలాంటి జంటలే. వీటి పేలుడు వరస 1-3-4-2. రెండో సిలిండర్ గాలి పీల్చగానే ఒకటోది పీలుస్తుంది, ఆ తర్వాత ఆ రంధ్రం చాలాసేపు ఖాళీ. ముందు పీల్చినదాని వాల్వు పూర్తిగా మూసుకోకముందే తర్వాతిదాని వాల్వు తెరుచుకుంటుంది కాబట్టి ఒకే గిన్నెలో ఇద్దరు పిల్లలు తిన్నట్టు ఒకరి వాటా ఒకరు లాక్కుంటారు.

1951లో కాలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు తన మూడో లోటస్ కారులో ఈ ఇబ్బందికి మందు కనిపెట్టాడు. మానిఫోల్డ్‌లో అడ్డుగోడ పెట్టి, ఆ గోడ బ్లాకు రంధ్రంలోపలికి కూడా దూరేలా చేసి, ఒక్కో జంట రంధ్రాన్నీ రెండు పాయలుగా చీల్చాడు. రెండు రంధ్రాల ఇంజన్ నాలుగు రంధ్రాల ఇంజన్‌లా ఊపిరి పీల్చింది. పోటీలో మిగతావాళ్ళు వెనకబడిపోయేసరికి 750 మోటార్ క్లబ్ ఆ పద్ధతిని నిషేధించింది. ఇంజన్ విప్పకుండా, హెడ్డు మార్చకుండా, ఒక అడ్డగోడతో సాధించిన ఈ మేలును ఇంటి మానిఫోల్డుల చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పనిగా చెప్పవచ్చు.

అప్పటిదాకా ఎక్కువమంది గొట్టం ఎంత వెడల్పుంటే అంత మంచిదని అనుకునేవారు. 1950ల చివర మరో సంగతి ప్రాచుర్యానికి వచ్చింది. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా గొట్టంలో గాలి ఒత్తిడి తరంగం లేస్తుంది. అది గొట్టం చివరి దాకా వెళ్ళి ప్రతిధ్వనిలా తిరిగి వస్తుంది. తిరిగి వచ్చే వేళకు వాల్వు తెరిచి ఉంటే గాలిని లోపలికి తోస్తుంది, మూసి ఉంటే వృథా. అంటే గొట్టం వెడల్పే కాదు, పొడుగు కూడా లెక్కే. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజన్‌కు ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయంలో గాల్లో శబ్దం దాదాపు 6.8 మీటర్లు నడుస్తుంది. వేడి పొగలో ఇంకా వేగంగా పోతుంది. పొడుగు గొట్టం నెమ్మది వేగాల దగ్గర, పొట్టి గొట్టం ఎక్కువ వేగాల దగ్గర మేలు చేస్తుంది. వేణువులో ఏ రంధ్రం మూస్తే ఏ స్వరం పలుకుతుందో, ఇదీ ఆ సూత్రమే.

1958లో క్రైస్లర్ కంపెనీ యువ ఇంజనీర్లు కొందరు రామ్‌చార్జర్స్ అనే క్లబ్ పెట్టుకుని, సెలవు వేళల్లో 1949 నాటి ప్లిమత్ కారులో క్రైస్లర్ హెమీ ఇంజన్ దించారు. 'హై అండ్ మైటీ' అని పేరుపెట్టిన ఆ కారు ఇన్‌టేక్ మానిఫోల్డ్ బానెట్ పైకి గోపురంలా లేచింది. దాని నిలువు గొట్టాలకు రబ్బరు గొట్టాలు వాడారు, కోసుకుంటూ పొడుగు మార్చుకోవడానికి అంతకన్నా సులువు లేదు. ఎగ్జాస్ట్ గొట్టాల చివరలు బూరల్లా విచ్చుకుని ఉండేవి. 1959లో డెట్రాయిట్‌లో జరిగిన జాతీయ డ్రాగ్ పోటీల్లో దాన్ని చూసి జనం విస్తుపోయారు. మరుసటి ఏడాదే క్రైస్లర్ 300ఎఫ్ కారు 30 అంగుళాల పొడుగు గొట్టాల ఇన్‌టేక్‌తో మార్కెట్‌లోకి వచ్చింది. దాని 400 గుర్రాల బలం రకంలో లోపలి గోడను కొంతమేర తీసేసి పనిచేసే పొడుగును 15 అంగుళాలకు కుదించారు. పగలు కంపెనీలో లెక్కలు వేసినవాళ్ళే సాయంత్రాలు షెడ్డులో రబ్బరు గొట్టాలు కోసిన కాలం అది.

పనిముట్లు కూడా ఈలోగా మారాయి. 1940ల మొదట్లో కాలిఫోర్నియాలోని నార్త్‌రప్ విమాన కంపెనీలో రసెల్ మెరెడిత్ మెగ్నీషియం అతకడానికి హీలియం గాలి రక్షణలో టంగ్‌స్టన్ సూదితో వెల్డింగ్ చేసే పద్ధతి రూపొందించాడు. టిగ్ వెల్డింగ్ అని ఇప్పుడు పిలిచేది దాని సంతానమే. అల్యూమినియాన్నీ పల్చని స్టెయిన్‌లెస్ గొట్టాన్నీ మసి లేకుండా శుభ్రంగా అతకడం దానివల్ల సాధ్యమైంది. విమాన కర్మాగారాల్లో ఆ పని నేర్చుకున్న చేతులు సెలవు రోజుల్లో హాట్ రాడ్ల మీద, అంటే వేగం కోసం మార్చిన పాత కార్ల మీద, పనిచేశాయి. 1948 జనవరిలో వెలువడిన హాట్ రాడ్ పత్రిక ఈ కొలతలూ చిట్కాలూ దేశమంతా మోసింది. లోపల మాండ్రెల్ అనే కడ్డీ పెట్టి యంత్రంతో వంచిన గొట్టాలు దుకాణాల్లో దొరకడం మొదలయ్యాక ఇసుక పోసి వంచే పని దాదాపు ఆగిపోయింది.

నేడు ఈ పని చేసేవాళ్ళ అవసరం మొదటి తరం అవసరం కన్నా వేరు. వేగం కోరుకునేవాళ్ళు కొందరున్నా, ఎక్కువమందికి సమస్య భాగాలు దొరకకపోవడం. వందేళ్ళ నాటి ఇంజన్‌కు పగిలిన ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎక్కడా దొరకదు. పగిలిన ముక్కలను తీగతో కట్టి నిలబెట్టి కొలతలు తీసి, లేదా స్కానర్‌తో చదివించి, త్రీడీ ప్రింటర్ మీద ప్లాస్టిక్ నమూనా తీసి, దాన్నే ఇసుకలో అదిమి పాత పద్ధతిలోనే పోత పోస్తున్నారు. కుంచించుకునే లెక్క అదే, మీటరుకు 13 మిల్లీమీటర్లే. ఎవరు చేసినా చివరకు ఒక పని తప్పదు. కొత్త మానిఫోల్డ్ మొహానికి నీలిరంగు సన్నగా పూసి, చదును పలక మీద రుద్ది, రంగు అంటని పల్లాలు వెతికి, ఎత్తుగా ఉన్నచోట్ల ఆకురాయితో రాస్తూ మళ్ళీ పూసి మళ్ళీ రుద్దుతారు. రంగు మొహమంతా సమంగా పరుచుకున్నప్పుడే గ్యాస్కెట్ పెట్టి, మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి చివరల వైపు కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఇంజన్ ఒకసారి కాగి చల్లారాక అవే బోల్టులను మళ్ళీ ఒకసారి బిగిస్తారు.